ఆటోమేటిక్ కారా.. మాన్యువలా? ఎర్రగడ్డ–పంజాగుట్ట ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లు కొనేముందు ఇవి చూసుకోండి

ఎర్రగడ్డ నుంచి పంజాగుట్టకు దూరం నాలుగైదు కిలోమీటర్లే. కానీ ఆఫీస్ టైంలో ఈఎస్ఐ, ఎస్‌ఆర్ నగర్, మైత్రీవనం, అమీర్‌పేట దాటడమంటే ఎడమ కాలికి పరీక్షే. పైన మెట్రో దూసుకెళ్తుంటే, కింద ఫస్ట్ గేర్.. న్యూట్రల్.. మళ్లీ ఫస్ట్ గేర్. జామ్‌లో 50 సార్లు ఆగి కదిలామనుకోండి, క్లచ్ కనీసం 100 సార్లు తొక్కాల్సిందే. అందుకే కొత్త కారు అనగానే ఇంట్లో మొదలయ్యే చర్చ.. ఆటోమేటిక్ తీసుకుందామా? మాన్యువల్ చాలా?

ఆటోమేటిక్ అంటే ఒక్కటే కాదు

షోరూంలో అన్నింటినీ ఆటోమేటిక్ అనే అంటారు. కానీ లోపల ఉండేవి వేర్వేరు.

ఏఎంటీ: నిజానికి ఇది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ కూడా ఉంటుంది. కాకపోతే దాన్ని మీ కాలికి బదులు కంప్యూటర్ నొక్కుతుంది. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర చిన్న కార్లలోకి వచ్చింది. వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, టియాగో లాంటి వాటిలో ఉండేది ఇదే. మైలేజ్ దాదాపు మాన్యువల్ అంతే. గేర్ మారేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది.

సీవీటీ: ఇందులో విడిగా గేర్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య బెల్ట్ తిరుగుతుంది. కుదుపే ఉండదు. గట్టిగా తొక్కితే మాత్రం ఇంజిన్ సౌండ్ ముందు వస్తుంది, స్పీడ్ తర్వాత వస్తుంది. హోండా అమేజ్‌లో ఇదే.

టార్క్ కన్వర్టర్: ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందిస్తుంది. జామ్‌లో నెమ్మదిగా పాకడానికి చాలా సుఖం. పెట్రోల్ కాస్త ఎక్కువ తాగొచ్చు. బ్రెజా ఆటోమేటిక్ ఈ రకమే.

డీసీటీ: రెండు క్లచ్‌లు ఉంటాయి కాబట్టి గేర్లు చకచకా మారతాయి. హైవే మీద మజా. డ్రై క్లచ్ రకమైతే గంటల తరబడి జామ్‌లో వేడెక్కే ఛాన్స్ ఉంది.

డబ్బుల లెక్క

చిన్న కార్లలో ఏఎంటీకి మాన్యువల్ కంటే సుమారు 50 వేలు ఎక్కువ. మిగతా మూడు రకాలకు తేడా చాలాసార్లు లక్ష దాటుతుంది. 50 వేలను ఐదేళ్లకు పంచితే నెలకు 833 రూపాయలు, రోజుకు 28 లోపే. రోజూ రెండు పూటలా ఈ రూట్‌లో నడిపేవాళ్లకు ఇది పెద్ద ఖర్చు కాదు. ఆదివారం మాత్రమే కారు తీసేవాళ్లకు, పండగలకు ఊరెళ్లడానికే కొనేవాళ్లకు మాన్యువల్ చాలు. రిపేర్ కూడా ఏ ఊళ్లోనైనా చేసేస్తారు.

ఫ్లైఓవర్ మీద తేలిపోతుంది

టెస్ట్ డ్రైవ్‌కు ఖాళీ రోడ్డు మీద తిప్పి తీసుకొచ్చేస్తే ఏమీ తెలియదు. సాయంత్రం ట్రాఫిక్‌లో అడగండి. వీలైతే మూసాపేట వైపు నుంచి భరత్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కించండి. ఎక్కుడులో కారు ఆపి, బ్రేక్ వదిలి చూడండి. వెనక్కి జారితే ఆ వేరియంట్‌లో హిల్ హోల్డ్ ఉందో లేదో అడగండి. ఏఎంటీ తీసుకునేవాళ్లు దీన్ని అస్సలు వదలొద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఎక్కుడులో కారు జారకుండా యాక్సిలరేటర్ మీద కాలు ఉంచి నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఏఎంటీ, డీసీటీల్లో లోపల క్లచ్ ఉంటుందని చెప్పుకున్నాం కదా.. ఇలా చేస్తే అది అరిగిపోతుంది. బ్రేక్ తొక్కే ఆపాలి.

ఆటోమేటిక్‌లో ఈ మూడూ మర్చిపోవద్దు

1. రెండు పెడల్స్‌కూ కుడి కాలే వాడాలి. మాన్యువల్ నుంచి మారినవాళ్లు క్లచ్ అనుకుని ఎడమ కాలితో బ్రేక్ తొక్కితే కారు ఒక్కసారిగా ఆగిపోతుంది. వెనకున్న బైక్ వచ్చి గుద్దుతుంది.

2. కంగారులో బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కితే మాన్యువల్‌లోలా క్లచ్ నొక్కి కాపాడుకునే అవకాశం ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు ఖాళీ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేయాలి.

3. ఇంజిన్ ఆన్‌లో ఉండగా 'డి'లో పెట్టి దిగొద్దు. బ్రేక్ వదిలితే చాలా ఆటోమేటిక్‌లు వాటంతట అవే కదులుతాయి. ఏఎంటీల్లో చాలావాటికి పార్కింగ్ మోడ్ ఉండదు కాబట్టి హ్యాండ్‌బ్రేక్ తప్పనిసరి.

మరి నేర్చుకునేది దేని మీద?

మాన్యువల్ మీద నేర్చుకుంటే రెండూ నడపొచ్చు. బ్రిటన్ వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. అక్కడ ఆటోమేటిక్‌లో టెస్ట్ పాసైతే ఆటోమేటిక్ నడపడానికే లైసెన్స్ ఇస్తారు.

ఇంట్లో మోకాలి నొప్పి ఉన్న పెద్దవాళ్లు కూడా కారు నడుపుతుంటే మాత్రం ఎక్కువ ఆలోచించక్కర్లేదు, ఆటోమేటిక్‌కే వెళ్లండి. బుకింగ్ డబ్బులు కట్టేముందు ఆ పెద్దవాళ్లనే డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ఓ రౌండ్ వేయించండి.