కేశవుని కోటలో కళాశాల

ఆలంపురంలో జోగుళాంబను సేవించి తిరుగుముఖం పట్టే యాత్రికులలో గద్వాల వైపు మళ్ళేవారు తక్కువ. ఈసారి మీరు మళ్ళండి. పట్టణం నడిబొడ్డున ఉన్న మట్టికోటలో అడుగిడితే ఒకే ప్రాకారం లోపల భూలక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయమూ, పుస్తకాలు చేతబట్టి నడిచే విద్యార్థులూ కనిపిస్తారు. అది మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ డిగ్రీ కళాశాల.

తెలుగునాట ఉన్నత విద్యకు తొలి బాటలు వేసినవాటిలో క్రైస్తవ సంఘాల కళాశాలలున్నాయన్నది దాచనక్కరలేని సత్యం. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో ప్రారంభించిన పాఠశాలయే నోబుల్ కళాశాలగా ఎదిగింది. గుంటూరు ఏ.సి. కళాశాలకు 1885లో లూథరన్ మిషన్ పునాది వేసింది. శ్రీమద్రామాయణ కల్పవృక్షాన్ని మనకు ప్రసాదించిన విశ్వనాథ సత్యనారాయణగారు మొదటిదానిలో చదివారు, రెండవదానిలో కొంతకాలం బోధించారు! పాలమూరు సీమలో కూడా నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాలలలో అమెరికా నుంచి వచ్చిన మెన్నొనైట్ మిషనరీలు బడులు నెలకొల్పారు. అయితే గద్వాల కోటలోని కళాశాల వెనుక ఉన్నది చర్చి కాదు. దాని పేరు ఒక రాణిది, దాని నీడ ఒక దేవునిది.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నడిగడ్డలో కోటను కట్టించినవాడు పెద సోమభూపాలుడు. జనం నోట ఆయన సోమనాద్రి. తరువాతి ప్రభువులు ఖడ్గం కన్న ఘంటానికే పెద్దపీట వేశారు. కార్తీక, మాఘ మాసాలలో పండితులు వచ్చి విద్యను ప్రదర్శించి సత్కారాలు పొంది వెళ్ళేవారు. తిరుపతి వేంకటకవులు కూడా ఈ ఆస్థానానికి వచ్చినవారే. 'విద్వద్గద్వాల' అన్న మాట ఊరికే పుట్టలేదు.

భర్త సీతారామభూపాలుని అనంతరం 1924లో సంస్థాన భారం ఆదిలక్ష్మీ దేవమ్మపై పడింది. నిజాం ప్రభుత్వం సంస్థానాన్ని స్వాధీనం చేసుకోజూసినా ఆమె పట్టు విడువక హక్కును నిలుపుకొన్నారు. 1949లో జాగీర్ల రద్దుతో పాలన ముగిసింది. పండిత సత్కారాలకు ఆధారమైన రాజాదాయం ఆగిపోయింది. పల్లెబిడ్డలు పట్టాలు పుచ్చుకొనే కళాశాలకు మాత్రం ఆమె పేరు నిలిచింది. వనపర్తి రాజప్రాసాదం పాలిటెక్నిక్ అయిన తీరు కూడా ఇటువంటిదే.

స్వామికార్యం మాత్రం ఆగలేదు. నేటికీ గద్వాల నేతగాళ్ళు 41 దినాల దీక్షతో జోడు పంచెలు నేస్తారు. సంస్థానం పక్షాన అవి తిరుమల శ్రీనివాసుని బ్రహ్మోత్సవాలకు చేరుతాయి. కొండంత దేవునికి వస్త్రం పంపే ఊరు, తన కోటగోడలు శిథిలమవుతుంటే చూస్తూ ఊరుకోవడం మనసుకు కష్టంగా తోస్తుంది. నాకొక చిన్న కోరిక. కార్తీకంలో ఒక్కరోజైనా ఆ కళాశాల తెలుగు విద్యార్థులు చెన్నకేశవుని మండపంలో పద్యం చదవాలి, ఊరి పెద్దలు వారికొక శాలువా కప్పాలి. ఖర్చెంత? ఒక పెళ్ళి పందిరి పాటి చేయదు.

గద్వాల రైలుస్టేషను కాచిగూడ-కర్నూలు మార్గంలో ఉంది. స్వామి దర్శనం చేసుకొని బయటికి వచ్చేటప్పుడు ఆ పిల్లలనెవరినైనా పలకరించండి. ఏ ఊరి నుంచి వస్తున్నారో, ఏం చదువుతున్నారో అడగండి.