పసివాని ముద్దుపలుకులు

రెండేండ్ల బిడ్డ వీధిలోని కుక్కను చూచి "తుత్త" యనినచో ఇంటిల్లిపాదియు నవ్వుదురు. నాయనమ్మ తానును "తుత్త వచ్చిందిరా" యని మురియును. అది తప్పు గాదు; లేతనాలుక తన శక్తి కొలది చేసిన పని. ఆ పని యే క్రమమున సాగునో యెరిగిన తల్లికి ఏది సహజమో, ఏది యుపేక్షింపరానిదో తెలియును. కావున సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

రెండు మూడు నెలల శిశువు ఊకొట్టును. 6 మొదలు 10 నెలల లోపల "బబబ", "మమమ", "దదద" యని పలుకులు పేర్చును. పెదవులు కలిపి విడిచినచో ప, బ, మ లు పుట్టును. నాలుక కొనను పండ్ల వెనుక తాకించినచో త, ద లగును. మన యిండ్లలోని అమ్మ, అత్త, తాత, పాప యను మాటలను చూడుడు. ఇవి యన్నియు బిడ్డకు తొలుత పట్టువడు ధ్వనులే. ఏడాది నిండునప్పటికి తొలిమాట వెలువడును.

క, గ లకు నాలుక వెనుకభాగము లేచి అంగిలిని తాకవలెను. అది కొంత కష్టము. అందుచేతనే "ఆకు" "ఆతు" అగును. పెదవుల ధ్వనులు ముందును, ఇట్టి వెనుక ధ్వనులు పిమ్మటను వచ్చునని రోమన్ యాకబ్సన్ అను భాషాశాస్త్రజ్ఞుడు 1941లో వ్రాసెను. ర కారమునకు నాలుక కొన యదరవలెను గనుక "రాముడు" కొంతకాలము "లాముడు"గానే యుండును. 4 ఏండ్ల బిడ్డ మాట చాలవరకు పొరుగువారికిని తెలియవలెను; ర వంటి ధ్వనులకు 5, 6 ఏండ్లు పట్టినను చింత వలదు.

"సరిగా పలుకు" మని పదిమందిలో నిలదీసినచో బిడ్డ నోరు మూసికొనును. "అవును నాన్నా, కుక్క వచ్చింది" అని బదులిచ్చినచో చాలును. వినగా వినగా నాలుక తానే దిద్దుకొనును.

అయితే వినుటకు చెవి యుండవలెను గదా! చెవిటి శిశువును తొలి నెలలలో ఊకొట్టును. తల్లి మోసపోవునది యిచ్చటనే. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే" యని పెద్దలూరడింతురు. విలువైన నెలలు గడచిపోవును. వెనుక గిన్నె పడినను తిరిగి చూడకున్నను, 10 నెలలకు "బబబ" లేకున్నను, 18 నెలలకు ఒక్క మాటయు రాకున్నను వైద్యునకు చూపి వినికిడి పరీక్ష చేయింపవలెను. చెవిలో చీము కారినచో నూనె పోయరాదు. నేడు పురిటిబిడ్డ వినికిడిని సైతము నొప్పి లేకుండ యంత్రముతో కొలది నిమిషములలో పరీక్షింపవచ్చును. నెలలోపల పరీక్ష, 3 నెలలలోపల నిర్ధారణ, 6 నెలలలోపల చికిత్స, ఇది వైద్యులు పెట్టిన గడువు.

ముద్దుపలుకులకు నవ్వుకొందము, పలుకే లేనిచో మాత్రము ఒక్కనాడైనను జాగు సేయకుందము.