జీపు చక్రం పెరిగిన కథ

1940 జూలైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పంపింది. నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి కావాలి, నమూనా 49 రోజుల్లో సిద్ధం కావాలి. గడువుకు బండిని తెచ్చి నిలబెట్టింది పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. దాన్ని గీసిన ఇంజనీరు కార్ల్ ప్రోబ్‌స్ట్. ఆ నమూనా సెప్టెంబర్ 23న హోలాబర్డ్ సైనిక స్థావరానికి చేరింది. ఆ తర్వాత విల్లీస్, ఫోర్డ్ కూడా బరిలోకి దిగాయి. చివరికి విల్లీస్ ఇంజనుతో ఖరారైన బండిని ఆ రెండు కంపెనీలు యుద్ధం ముగిసేలోగా 6 లక్షలకు పైగా తయారు చేశాయి. అదే జీపు.

ఆ జీపు టైరు కొలత 6.00–16. వెడల్పు 6 అంగుళాలు, రిమ్ము 16 అంగుళాలు, నేల నుంచి పై అంచు దాకా సుమారు 29 అంగుళాలు. ఈనాటి కంటికి అది మరీ సన్నం. అయినా ఉత్తర ఆఫ్రికా ఇసుకలోనూ బర్మా బురదలోనూ ఆ సన్నని చక్రమే బండిని గట్టెక్కించింది. ఎనభై ఏళ్లలో ఆ చక్రం 35 అంగుళాలకు పెరిగింది. ఆరే అంగుళాల తేడా. కానీ హైవే ఎక్కేసరికి అది ఇంజను, గేర్లు, బ్రేకులు, స్టీరింగ్, మీటరు అన్నింటినీ కదిలించేస్తుంది. పెద్ద టైరు మీద మోజు పడే చాలామంది దాన్ని ఒక్క భాగం మార్పిడిగానే చూస్తారు. నిజానికి అది మొత్తం బండి మార్పిడి.

ఎందుకో తెలియాలంటే పాత జీపు లెక్కే చూడాలి. దాని ఇంజను 2.2 లీటర్లు, శక్తి 60 గుర్రాలు, గేర్లు మూడు. టాప్ గేరులో ఇంజను తిప్పుడు నేరుగా ఆక్సిల్‌కు వెళుతుంది. అక్కడ క్రౌన్, పీనియన్ దాన్ని 4.88 రెట్లు తగ్గించి చక్రానికి అందిస్తాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 29 అంగుళాల చక్రం నిమిషానికి దాదాపు 720 సార్లు తిరగాలి. అంటే ఇంజను 3,500 సార్లు తిరగాలి. ఆ ఇంజను పూర్తి శక్తినిచ్చేది 4,000 దగ్గర. బండి గరిష్ఠ వేగం 105 కిలోమీటర్లు. ఈ అంకెలన్నీ ఒకదానికొకటి అతికేలా ఎవరో కూర్చుని కుదిర్చినవి. చక్రం కొలత కూడా ఆ లెక్కలో ఒక అంకె.

మరి చక్రం ఎందుకు పెరిగింది? దానికి గట్టి కారణమే ఉంది. జీపు లాంటి బండిలో నేలకు అతి దగ్గరగా వేలాడేది ఆక్సిల్ మధ్యలోని డిఫరెన్షియల్ గుండు. రాయి తగిలేది దానికే. స్ప్రింగులు మార్చి బాడీని ఎంత పైకి లేపినా ఆ గుండు అంగుళం కూడా లేవదు. అది లేవాలంటే చక్రమే పెరగాలి. 4 అంగుళాలు పెద్ద టైరు వేస్తే గుండు కింద 2 అంగుళాల ఖాళీ వస్తుంది. పెద్ద చక్రం గుంతలో తక్కువగా దిగబడుతుంది, రాతి అంచును తేలిగ్గా ఎక్కుతుంది. అందుకే జీప్ సంస్థ నుంచి 2003లో వచ్చిన రాంగ్లర్ రూబికాన్ టైరు 30.5 అంగుళాలుంటే, 2007లో 32, 2018లో 33కు చేరువైంది. మన దేశంలోనూ అదే దారి. 2010 నాటి మహీంద్రా థార్ టైరు 235/70 ఆర్ 16, అంటే సరిగ్గా తాతగారి కాలపు 29 అంగుళాలు. 2020 థార్‌కు వచ్చిన 255/65 ఆర్ 18 టైరు ఎత్తు 31 అంగుళాలు.

ఈ పెంపును చివరి దాకా తీసుకెళ్లినవాడు అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన బాబ్ చాండ్లర్. తన 1974 ఫోర్డ్ ట్రక్కుకు అంతకంతకూ పెద్ద టైర్లు తొడుగుతూ పోయాడు. టైరు పెరిగినప్పుడల్లా ఆక్సిళ్లు విరిగేవి. చివరికి సైన్యం వదిలేసిన భారీ ట్రక్కుల ఆక్సిళ్లు బిగించి, పొలాల్లో ఎరువు చల్లే బండ్ల 66 అంగుళాల టైర్లు వేశాడు. ‘బిగ్‌ఫుట్’ అని ప్రపంచమంతా పిలిచిన బండి అదే. అయితే అలాంటి బండ్లు ఊరి నుంచి ఊరికి వెళ్లేది ట్రెయిలర్ మీద, చిన్న టైర్లు తొడుక్కుని.

ఇక మనం రోజూ చూసే సంగతికి వద్దాం. 31 అంగుళాల బండికి 35 వేశామనుకుందాం. చక్రం చుట్టుకొలత దాదాపు 13 శాతం పెరుగుతుంది. మీటరుకు ఈ సంగతి తెలియదు. అది చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి వేగం చెబుతుంది. కాబట్టి ముల్లు 100 దగ్గరుంటే బండి 113 దగ్గరుంటుంది. కంపెనీ మీటర్లు మామూలుగా అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపిస్తాయి గనుక తేడా కొంత తగ్గవచ్చు, పూర్తిగా పోదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ముల్లు 110 చూపిస్తూ, డ్రైవరు నిశ్చింతగా ఉండగానే బండి 120 హద్దు దాటేస్తుంది. జరిమానా సంగతి పక్కన పెట్టండి. కదిలే బండిలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వందలో ఉన్నాననుకుంటున్న మనిషి చేతిలో 27 శాతం ఎక్కువ శక్తి ఉంది, దాన్ని ఆపాల్సిన బ్రేకులు మాత్రం పాతవే.

ఆ బ్రేకుల పని కూడా కష్టమవుతుంది. డిస్కు చక్రం మధ్యలో పట్టుకుంటుంది, ఆగాల్సింది అంచున రోడ్డు దగ్గర. చక్రం పెద్దదైన కొద్దీ డిస్కు పట్టు రోడ్డుకు చేరేటప్పటికి తరుగుతుంది. 31 నుంచి 35కు వెళితే, పెడల్‌ను అంతే బలంగా తొక్కినా రోడ్డు మీద ఆపే బలం 11 శాతం తక్కువ. పైగా బురద టైరు బరువైనది. ఒక్కోటి సుమారు 10 కిలోలు ఎక్కువ తూగుతుంది, ఆ బరువంతా అంచు దగ్గరే ఉంటుంది. అంచున తిరిగే బరువును ముందుకు నెట్టాలి, గుండ్రంగానూ తిప్పాలి. అందుకే పికప్ విషయంలో నాలుగు టైర్ల 40 కిలోలు దాదాపు 80 కిలోల లోడుతో సమానం. బ్రేకు వేసినప్పుడూ అంతే.

చాలామంది అడిగే ప్రశ్న మైలేజీ గురించి. చక్రం పెద్దదైతే ఇంజను తక్కువసార్లు తిరుగుతుంది కదా, డీజిలు ఆదా కావాలి కదా అంటారు. నున్నటి కారులో ఆ వాదన కొంతవరకు నిలుస్తుంది. జీపు ఆకారంలో నిలవదు. 2018 రాంగ్లర్ గాలి నిరోధ గుణకం 0.454, మామూలు సెడాన్లది 0.3 చుట్టుపక్కల. ముందు వైశాల్యం 3 చదరపు మీటర్లకు కాస్త తక్కువ అనుకుని లెక్క వేస్తే, వంద వేగంలో గాలిని చీల్చడానికే దాదాపు 17 కిలోవాట్లు కావాలి. 120కి వెళ్తే అది 29 దాటుతుంది. బండి ఎత్తు పెరిగి, అడుగున గాలి కొట్టే చోటు పెరిగితే ఇంకా ఎక్కువ. లోతైన గళ్లున్న బురద టైరు దొర్లడానికి మామూలు టైరు కన్నా ఎక్కువ శక్తి తింటుంది. ఇన్ని భారాలు ఒక పక్క పెరుగుతుంటే, మరో పక్క పెద్ద చక్రం చక్రం దగ్గరి లాగుడును తగ్గించేస్తుంది. గేరు సైకిలు మీద పెద్ద గేరు వేసి గట్టెక్కబోయిన వాడి పరిస్థితి అది. కాలు నెమ్మదిగానే తిరుగుతుంది, ఊపిరి మాత్రం అందదు.

2007 నుంచి 2011 దాకా వచ్చిన రాంగ్లర్లు దీనికి పాఠం లాంటివి. వాటి 3.8 లీటర్ల ఇంజను 202 గుర్రాలది, ఆటోమేటిక్‌లో నాలుగే గేర్లు. ఆక్సిల్ గేర్లు మార్చకుండా 35 అంగుళాల టైర్లు వేసినవాళ్లకు హైవే మీద నాలుగో గేరు అలంకారంగా మిగిలిపోయేది. చిన్న ఎత్తు వచ్చినా, ఎదురుగాలి వచ్చినా బండి మూడులోకి జారేది, మళ్లీ నాలుగుకు ఎక్కేది, మళ్లీ జారేది. ఆ ఎక్కడం దిగడంలో గేరు పెట్టె వేడెక్కుతుంది, డీజిలైనా పెట్రోలైనా ఆవిరవుతుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. మైలేజీ లెక్క కూడా మీటరును నమ్మే వేస్తాం. ఆ మీటరు కిలోమీటర్లను తక్కువగా రాస్తోంది. లీటరుకు 8 వచ్చిందని వాపోయేవాడికి నిజంగా వచ్చింది 9. నష్టం ఉంది, కాకపోతే అతను అనుకున్నంత లేదు. మీటరును సరిచేయించకుండా మైలేజీ గురించి చేసే ఏ వాదనా లెక్కలోకి రాదు.

కంపెనీ తానే ఈ పని చేసినప్పుడు ఏం చేసిందో చూస్తే విషయం తేటపడుతుంది. 2021లో జీప్ సంస్థ 35 అంగుళాల టైర్లను షోరూములోనే ఇవ్వడం మొదలుపెట్టింది. 33 అంగుళాల రూబికాన్‌కు ఆక్సిల్ నిష్పత్తి 4.10. చక్రం పెరిగినంత మేరకే గేరు పెంచాలంటే 4.35 చాలు. ఇంజనీర్లు 4.56 ఇచ్చారు. ఆ అదనం టైరు బరువుకూ గాలికీ కట్టిన సుంకం అని నేను అనుకుంటాను. సస్పెన్షన్‌ను ఒకటిన్నర అంగుళం పెంచారు, షాకులు మార్చారు, వెనక తలుపు కీళ్లను గట్టిపరిచారు. ఆ తలుపు మోయాల్సింది 35 అంగుళాల స్టెప్నీని మరి. రెండంగుళాల టైరు వెనక ఇంత పని ఉంది.

స్టీరింగ్ సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడే. ముందు చక్రాలు కాస్త వెనక్కి వాలిన ఇరుసు మీద తిరుగుతాయి. ఆ వాలు వల్లే వదిలేసిన స్టీరింగ్ తనంతట తాను నిటారుకు వస్తుంది. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసినప్పుడు ఆ వాలు తగ్గిపోవచ్చు. దాంతో బండి హైవే మీద అటూ ఇటూ కొట్టుకుంటుంది. రాంగ్లర్‌లాగా, మన పాత కమాండర్ జీపుల్లాగా ముందు ఆక్సిల్ ఒకే కడ్డీగా ఉన్న బండ్లలో మరో ప్రమాదం పొంచి ఉంటుంది. 70, 80 వేగంలో వంతెన జాయింటు తగిలిందంటే ముందు చక్రాలు రెండూ కలిసి ఊగడం మొదలెడతాయి, బండి నెమ్మదిస్తే తప్ప ఆగవు. అరిగిన టై రాడ్ ఎండ్లు, వదులైన బోల్టులు దీనికి మూలం. బరువైన టైరు ఆ వదులును పదింతలు చేసి చూపిస్తుంది. స్టీరింగ్ డ్యాంపర్ మార్చితే కొన్నాళ్లు అణిగి ఉంటుంది, జబ్బు నయం కాదు. థార్‌కు ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి గనుక ఈ ఊగుడు బెడద తక్కువ. కానీ ఎత్తు పెంచితే చక్రాలను తిప్పే కడ్డీల కోణం పెరిగి వాటి కీళ్లు త్వరగా అరుగుతాయి. ఏ బండికైనా గురుత్వ కేంద్రం పైకి పోతుంది. హఠాత్తుగా అడ్డొచ్చిన గేదెను తప్పించబోయి స్టీరింగ్ కోస్తే, మునుపు కుదుపుతో పోయేది ఇప్పుడు పల్టీ దాకా వెళుతుంది.

పెద్ద టైర్లతో రోడ్డు మీద ఒద్దికగా బతుకుతున్న జనం ఐస్లాండ్ వాసులు. అక్కడ 38, 44 అంగుళాల టైర్ల జీపులు మంచు పర్వతాల మీదికి వెళ్తాయి. టైర్లలో గాలిని రెండు మూడు పౌండ్లకు దించి మెత్తటి మంచు మీద తేలుతూ సాగుతాయి. తిరిగి తారు రోడ్డు ఎక్కగానే బండిలోని కంప్రెసర్‌తో గాలి నింపుకుంటారు. 1990లో మొదలైన ఆర్కిటిక్ ట్రక్స్ లాంటి సంస్థలు టైరుతో పాటు ఆక్సిల్ గేర్లు, మడ్‌గార్డులు, మీటరు అన్నీ మార్చి ఇస్తాయి. ఆ దేశంలో తారు రోడ్డు మీద వేగ పరిమితి 90. ఆ వేగంలో ఆ బండి నమ్మకంగా నడుస్తుంది.

గాలి సంగతి మన ఎండల్లో మరీ ముఖ్యం. వికారాబాద్ కొండల్లో బురద కోసం గాలి తగ్గించుకుని, నింపుకోకుండానే హైవే ఎక్కడం చాలా ప్రమాదకరం. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ మడిచి విప్పినట్టవుతుంది, లోపల వేడి పుడుతుంది. మే నెల మధ్యాహ్నం ఒంగోలు, నెల్లూరు మధ్య రోడ్డు ఆ వేడిని చల్లారనివ్వదు. పొరలు విడిపోయి టైరు పేలేది అలాంటప్పుడే. ఇంకో మాట, స్టెప్నీ కూడా అదే కొలతలో ఉండాలి. నాలుగింటిలో ఒకటి చిన్నదైతే ఫోర్ వీల్ డ్రైవ్ వేసిన మరుక్షణం గేర్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి.

మన చట్టం కూడా దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేదు. తయారీదారు నమోదు చేయించిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరోసారి గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగాక బీమా పరిశీలకుడు మొదట చూసేవాటిలో టైరు పక్కన ముద్రించిన అంకెలు కూడా ఉంటాయి.

అందుకని నా తీర్పు ఇది. నెలలో ఎక్కువ రోజులు హైవే మీదే గడిపే బండికి కంపెనీ ఇచ్చిన ఎత్తే ఉంచండి. కావాలంటే అదే కొలతలో ఆల్ టెర్రైన్ టైర్లు వేయించండి, మన గట్లకూ అడవి దారులకూ అవి సరిపోతాయి. నిజంగా కొండా కోనా ఎక్కే పని ఉండి, చట్టం ఒప్పుకునే చోట ఉండి, 35కు వెళ్లాలనుకుంటే డబ్బు ఖర్చు పెట్టే వరుస మార్చండి. ముందు బ్రేకులు, స్టీరింగ్ కీళ్లు, తర్వాత క్రౌన్ పీనియన్, తర్వాత మీటరు. టైర్లు అన్నిటికన్నా ఆఖరున కొనండి.