తాళంచెవి ఎవరి చేతిలో?

దానం చేయడం సులభం. చేసిన దానం పనికివచ్చేటట్లు చూడడమే కష్టం. బడికి కంప్యూటర్లు ఇచ్చే విషయంలో ఈ మాట మరీ నిజం.

2000వ సంవత్సరంలో గుజరాత్ ప్రభుత్వం వడోదర నగరంలోని మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలకు తలా నాలుగు కంప్యూటర్లు ఇచ్చింది. రెండేళ్ళ తరువాత ‘ప్రథమ్’ అనే స్వచ్ఛంద సంస్థవారు వెళ్ళి చూస్తే, వాటిలో పిల్లల వాడుకలోకి వచ్చినవి బహు కొద్ది. నడిపించడం తెలిసినవారు బళ్ళలో లేరు. సొమ్ము ఖర్చయింది, సరుకు చేరింది, చదువు మాత్రం చేరలేదు!

ఇక్కడే ప్రథమ్ వారు ఒక తెలివైన పని చేశారు. మరికొన్ని కంప్యూటర్లు కావాలని చందాలకు బయలుదేరలేదు. ఆ చుట్టుపక్కలవారినే కొందరిని ఎంచుకుని, కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి బళ్ళకు పంపించారు. నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండే రెండు గంటలు, ఒక్కొక్క యంత్రం ముందు ఇద్దరిద్దరు చొప్పున, లెక్కల ఆటలు. ముందు సుమారు సగం బళ్ళలో పెట్టి, మిగిలిన బళ్ళతో పోల్చి చూశారు. ఈ పరీక్షను జరిపిన ఆర్థికవేత్తలలో ఇద్దరు, అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, 2019లో నోబెల్ బహుమానం అందుకున్నవారే.

ఫలితం ఏమిటంటారా? నూరుగురు పిల్లలను లెక్కల మార్కుల ప్రకారం వరసగా నిలబెట్టారనుకోండి. సరిగ్గా మధ్యలో ఉండవలసిన పిల్ల, మొదటి ఏడాది ముగిసేసరికి సుమారు పదముగ్గురిని దాటి ముందుకు వెళ్ళింది. రెండో ఏడాది ఆ సంఖ్య సుమారు పద్దెనిమిదికి పెరిగింది. అయితే ఆ తరగతులు ఆగిపోయిన సంవత్సరానికి చూస్తే, ఆ లాభంలో చాలాభాగం కరిగిపోయింది. ఈ రెండు సంగతులూ కలిపి గుర్తుంచుకోవాలి. మనిషి ఉంటే యంత్రం పనిచేస్తుంది. మనిషి వెళ్ళిపోతే చదువు కూడా వెనక్కి నడుస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ పెరూ దేశం. అక్కడి ప్రభుత్వం పల్లెటూరి పిల్లలకు లక్షల సంఖ్యలో చిన్న చిన్న లాప్‌టాప్‌లు పంచింది. 319 గ్రామీణ పాఠశాలలలో జరిగిన పరిశీలన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. పిల్లలు యంత్రాలు వాడడం బాగా పెరిగింది గాని, లెక్కలలోగాని భాషలోగాని మెరుగుదల కనిపించలేదు. పలక ఇచ్చినంత మాత్రాన అక్షరాభ్యాసం అయిపోతుందా?

మరి ఈ సంగతులన్నీ మనకెందుకు? 2020 మార్చిలో బళ్ళు మూతపడినప్పుడు పాఠాలు ఫోనులోకి ఎక్కాయి గదా! 2021లో జరిగిన ‘అసర్’ సర్వే ప్రకారం, ఇంట్లో స్మార్ట్ ఫోను ఉన్న పిల్లలలో కూడా సుమారు నాలుగో వంతుమంది దానిని ముట్టుకునే అవకాశం లేనివారే. నాన్న ఫోను పట్టుకుని పనికి వెళితే బిడ్డ చదువు కూడా ఆయనతో పనికి వెళ్ళిపోయినట్లే. అటువంటి బిడ్డకు కంప్యూటరు దొరకగల చోటు బడి ఒక్కటే. బడిలోనూ లేకపోతే ఇక ఎక్కడా లేదు. కేంద్ర విద్యాశాఖ లెక్కల ప్రకారం 2024–25లో దేశంలో కంప్యూటరు సౌకర్యం ఉన్న బళ్ళు నూటికి 65 కూడా లేవు. ఉన్న బళ్ళలోనైనా ఆ గదికి తాళం వేసి ఉండడం మనలో చాలామంది చూసిన దృశ్యమే.

ఇది చదివి, ‘మన వీధిలో నలుగురం కలిసి ఏదైనా చేద్దాం’ అని మీకు తోచవచ్చు. మంచి ఆలోచనే! అయితే చట్టానికి నలుగురు చాలరు, ఏడుగురు కావాలి. ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ సొసైటీని రిజిస్టరు చేసేది 2001 నాటి చట్టం ప్రకారమే. ఆశయాలు వ్రాసిన పత్రం, నియమావళి తయారుచేసుకుని జిల్లా రిజిస్ట్రారుకు సమర్పించాలి. ఆ తరువాత సంఘం పేరిట పాన్ నంబరు, బాంకు ఖాతా. దాతలకు పన్ను రాయితీ కావాలంటే ఆదాయపు పన్ను శాఖలో వేరే నమోదు ఉంటుంది. ఇదంతా ఓపికతో అయ్యే పనే.

ఒక్క చిక్కు మాత్రం ముందే తెలుసుకోవాలి. మన ఇళ్ళలో చాలావాటికి అమెరికాలో ఒక అబ్బాయో అమ్మాయో ఉన్నారు. ‘నేను పంపుతానమ్మా’ అంటారు. పిల్లవాడు ఇంకా భారత పౌరుడే అయితే, తన జీతంలోంచి బాంకు ద్వారా పంపిన డబ్బుకు చిక్కులేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, కన్నకొడుకు పంపినదైనా చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే! కేంద్ర ప్రభుత్వం అనుమతి లేనిదే సంఘం ఒక్క డాలరు పుచ్చుకోరాదు. డబ్బేకాదు, పాత కంప్యూటర్లు పంపినా అంతే.

కంప్యూటర్ల సంగతి చూద్దాం. కొత్తవే కొనాలని పట్టుబట్టనక్కరలేదు. 2025 అక్టోబరులో విండోస్ 10కు కంపెనీ మద్దతు ముగియడంతో, బాగా పనిచేసే యంత్రాలు కూడా ఎన్నో ఆఫీసులలో మూలకు చేరాయి. వాటిలో ఉచితంగా దొరికే లినక్స్ పెట్టుకోవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ళ తరబడి ఇటువంటి ఉచిత సాఫ్ట్‌వేరుతోనే నడుస్తున్నాయి. ఇంటర్నెట్ లేని ఊరైనా దిగులు లేదు. కివిక్స్ అనే సాధనంతో తెలుగు వికీపీడియాను మొత్తంగా యంత్రంలో దింపుకుని, బడిలో కూర్చుని చదువుకోవచ్చు.

అసలు లెక్క ఇక్కడున్నది. వచ్చిన చందా అంతా యంత్రాలకు ఖర్చుపెట్టకండి. పెళ్ళికి అప్పుచేసి కాపురానికి బియ్యం మరచిపోయినట్లవుతుంది. బాటరీ పోతుంది, ఎలుక తీగ కొరుకుతుంది, కరెంటు బిల్లు వస్తుంది. వీటికి రెండో సంవత్సరం సొమ్ము మొదటిరోజే విడిగా తీసిపెట్టండి. అన్నిటికంటె ముందు, నేర్పే మనిషికి నెలనెలా ఇచ్చే పారితోషికం. ఆ మనిషి ఇంజనీరే కానక్కరలేదు. ఆ ఊళ్ళోనే డిగ్రీ చదివి ఇంటిపట్టున ఉన్న అమ్మాయి చాలు. పంతులమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టి నేర్పితే మరీ మంచిది. ఆ అమ్మాయికి రేపు పెళ్ళయి వెళ్ళిపోయినా విద్య బడిలోనే మిగులుతుంది.

కనుక రిబ్బను కత్తిరించే తేదీ నిర్ణయించేముందు ఒక చిన్న పని చేయండి. మీకు దగ్గరలో ఉన్న సర్కారు బడికి వెళ్ళండి. హెడ్మాస్టరుగారితో మర్యాదగా మాట్లాడి, కంప్యూటరు గది ఉంటే దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, ఆ గది వారానికి ఎన్నిసార్లు తెరుస్తారో అడగండి. ‘తెరిచేవాళ్ళు లేరండీ’ అన్నారంటే మీ సంఘం చేయవలసిన మొదటి పని దొరికినట్లే. దానికి కొత్త కంప్యూటరు అక్కరలేదు. వారానికి రెండు గంటలు తెరిచి కూర్చునే మనిషి కావాలి.