గ్రీన్‌కార్డు వచ్చాక చూద్దాంలే!

అమెరికాలో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే ఈ మాట వినిపించకుండా ఉండదు. ఇల్లు కొనడం, ఉద్యోగం మారడం, సొంతంగా ఏదైనా మొదలుపెట్టడం, అమ్మానాన్నల దగ్గర ఓ నెల ఉండి రావడం... అన్నీ ఆ కార్డు వెనకే క్యూలో నిలబడి ఉంటాయి. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న నేనూ ఆ క్యూలోనే ఉన్నా.

క్యూ ఎందుకంత పొడవో చాలామందికి తెలిసిందే. ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. భార్యాభర్తలు, పిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా సాధారణంగా 7 శాతానికి మించి ఇవ్వరు. అందుకే ముప్పైల్లో దరఖాస్తు పెట్టినవాళ్లు నలభైలు దాటుతున్నా, నెలనెలా వీసా బులెటిన్‌లో తేదీ కదిలిందా లేదా అని చూసుకుంటూనే ఉన్నారు. ఆ తేదీ మన చేతిలో లేదు. కానీ ఈలోగా గడిచిపోతున్న ఏళ్లు మాత్రం మనవే.

మన వృత్తిలోనే ఒక విచిత్రం ఉంది. ఆఫీసులో ఎంత పెద్ద ప్రాజెక్టయినా రెండు వారాల స్ప్రింట్లుగా విడగొట్టుకుంటాం. ఏడాది తర్వాత బయటికి రావాల్సిన ప్రాడక్ట్ అయినా, ‘ఈ రెండు వారాల్లో ఏం పూర్తి చేస్తాం?’ అన్నదే ప్రశ్న. సాయంత్రం ఇంటికి రాగానే లెక్క మారిపోతుంది. సొంత జీవితాన్ని మాత్రం పదేళ్ల తర్వాతి తేదీతో ప్లాన్ చేస్తాం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు!

కొన్నేళ్లుగా ఆఫీసు పద్ధతినే ఇంటికీ వాడుతున్నా. రెండు వారాలకోసారి ఆదివారం సాయంత్రం నోట్‌బుక్‌లో మూడే పనులు రాసుకుంటా. ఉద్యోగానికి ఒకటి, ఇంటికి ఒకటి, ఒంటికి ఒకటి. ‘ఆర్కిటెక్ట్ అవ్వాలి’ అని రాస్తే అది కోరిక. ‘పేమెంట్స్ మాడ్యూల్ డిజైన్ మూడు పేజీల్లో రాసి వచ్చే శుక్రవారంలోగా సీనియర్‌కి చూపించాలి’ అని రాస్తే అది పని. ఉదయం ఆరు నుంచి ఏడు వరకు ఫోన్ వంటింట్లో పెట్టేసి ఆ పని మీదే కూర్చుంటా. ఏడాదిన్నర గడిచేసరికి టీమ్‌లో డిజైన్ చర్చలకు నన్ను పిలవడం మొదలైంది. వీసా మాత్రం అదే వీసా.

ఇంటి విషయానికొస్తే, వేసవిలో మాకు రాత్రి ఎనిమిదైతే తెనాలిలో అమ్మకు తెల్లవారి ఆరున్నర. ఆ సమయానికి వీడియో కాల్ తప్పదు. ఓసారి ‘‘ఎప్పుడొస్తావు నాన్నా?’’ అని అడిగింది. స్టాంపింగ్ గురించి చెప్పి, కార్డు వచ్చాక ఎన్నిసార్లయినా రావచ్చమ్మా అన్నా. ‘‘అప్పటిదాకా నా మోకాళ్లు ఆగుతాయేంట్రా?’’ అంది. ఆ పక్షం నోట్‌బుక్‌లో ఇంటి పని కింద స్టాంపింగ్ స్లాట్ బుక్ చేసుకోవడమే రాసుకున్నా.

వర్తమానం మీద దృష్టి పెట్టడమంటే రేపటిని గాలికొదిలేయడం కాదు. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే సాధారణంగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఈ సంగతి తలచుకుని రాత్రంతా దొర్లితే ఒరిగేదేమీ లేదు. ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టడం, రెజ్యూమె సరిచూసుకోవడం ఇవాళ చేయగలిగిన పనులు. పిల్లలకు 21 ఏళ్లు నిండితే డిపెండెంట్ వీసా చెల్లదు. పదహారేళ్ల పిల్లలుంటే లాయర్‌తో మాట్లాడాల్సింది ఇప్పుడే. ఐ-140 ఆమోదం పొందితే, కంపెనీ మారినా ప్రయారిటీ డేట్ సాధారణంగా మనతోనే వస్తుంది. కొత్త కంపెనీ పెర్మ్, ఐ-140 మళ్లీ చేయించాలి, అంతే. ఇది తెలియక నచ్చని కుర్చీలోనే ఏళ్లకేళ్లు కూర్చున్నవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు.

బులెటిన్ నెలకు ఒక్కసారే వస్తుంది. దాన్ని చూడ్డానికి ఐదు నిమిషాలు చాలు. నెలలో మిగతా రోజులన్నీ మనవే. కార్డు వచ్చాక చేద్దామనుకున్న పనుల జాబితా ఓసారి తీయండి. అందులో కార్డుతో నిజంగా సంబంధం ఉన్నవెన్ని? వాటిని పక్కన పెట్టి, మిగిలిన వాటిలో ఒకదానికి ఈ శుక్రవారం తేదీ వేయండి.