యూదుల ఆసుపత్రి నుంచి మౌంట్ సైనై వరకు

న్యూయార్క్ నగరంలో నేడు మౌంట్ సైనై అనే పేరుతో ప్రసిద్ధి చెందిన వైద్యసంస్థ 1852 జనవరిలో ‘యూదుల ఆసుపత్రి’ అనే పేరుతో నమోదైనప్పుడు, దాని వెనుక ఉన్న బలం తొమ్మిది మంది పెద్దలు, వారు నడుపుతున్న చిన్నచిన్న ధర్మసంస్థలు మాత్రమే. ఆ రోజుల్లో ఇతరుల ఆసుపత్రుల్లో చేరిన యూదు రోగికి తమ ఆచారానికి తగిన భోజనం దొరికేది కాదు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా సాగే విశ్రాంతి దినమైన సబ్బాతును పాటించే వీలుండేది కాదు. పైగా ప్రాణం మీదికి వచ్చిన వేళ మతం మార్చుకొమ్మని మంచం పక్కన కూర్చుని ఒత్తిడి చేసే ప్రచారకుల బెడద ఉండేది. వైద్యం కన్నా ముందు మర్యాద కోసం పుట్టిన ఆసుపత్రిగా దీనిని గుర్తించడం న్యాయం. సిన్సినాటి యూదులు ఇంతకు రెండేళ్ల ముందే తమ ఆసుపత్రిని స్థాపించుకున్న మాట నిజమే గాని, ఒక చిన్న సమాజం చేపట్టిన పని ఎంత దూరం వెళ్లగలదో చూపడంలో న్యూయార్క్ వారిదే పైచేయి అని చెప్పక తప్పదు.

తొలి అధ్యక్షుడు శాంసన్ సింసన్ అప్పటికి డెబ్బై ఏళ్లు దాటిన, వృత్తి నుంచి విరమించిన న్యాయవాది. ఇరవై ఎనిమిదవ వీధి పడమటి భాగంలో తన స్థలాన్ని ఆయన విరాళంగా ఇవ్వగా, న్యూ ఆర్లియన్స్‌కు చెందిన వర్తకుడు జూడా టూరో మరణశాసనం ద్వారా 20,000 డాలర్లు అందాయి. మిగిలిన భారాన్ని సభ్యుల చందాలతో, విందుసభల వసూళ్లతో నెట్టుకొచ్చి, 1855 జూన్‌లో 45 పడకలతో ఆసుపత్రిని తెరిచారు. దాతల పేర్లు పలకల మీద నిలిచాయి గాని, సంస్థను నిజంగా నిలబెట్టినవారు ఏటేటా చందా కట్టిన పేరులేని సభ్యులే. వంటశాలలో కోషర్ నియమం, అంటే యూదుల ఆహారశుద్ధి విధానం, అమలయ్యేది. మడి వంటకు వేరే గిన్నెలు ఉంచుకునే తెలుగు ఇళ్ల వారికి, పాల పదార్థాలకూ మాంసానికీ పాత్రలను వేరుగా ఉంచే ఈ ఏర్పాటు విడమరచి చెప్పనక్కరలేదు.

ఆరంభంలో, ప్రమాదాల్లో గాయపడినవారిని మినహాయిస్తే, ఇక్కడ యూదులకే ప్రవేశం ఉండేది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో గాయపడిన సైనికులకు పడకలు ఇవ్వవలసి రావడంతో ఆ గీత చెరిగిపోసాగింది. మతభేదం లేకుండా అందరినీ చేర్చుకోవాలని నిశ్చయించిన నిర్వాహకులు 1866లో పేరును కూడా మౌంట్ సైనైగా మార్చారు. తమవారి కోసం చెమటోడ్చి కట్టుకున్న దానిని పదిమందికీ తెరవడం ఈ నాయకత్వం తీసుకున్న నిర్ణయాలన్నిటిలోకీ గొప్పది. 1872లో లెక్సింగ్టన్ అవెన్యూకు తరలిన తరువాత వైద్యుల మాటకు విలువ పెరిగింది. 1848 నాటి విప్లవంలో పాల్గొని జర్మనీలో జైలుపాలై, ఆ తరువాత అమెరికా చేరిన ఏబ్రహాం జాకోబీ ఆధ్వర్యంలో 1878లో శిశువైద్య విభాగం ఏర్పడగా, 1881లో నర్సుల శిక్షణాలయం మొదలైంది. 1904లో ఫిఫ్త్ అవెన్యూ, నూరవ వీధి వద్ద పది భవనాలు, 456 పడకలతో వెలసిన ప్రాంగణానికి ఎస్. ఎస్. గోల్డ్‌వాటర్ పాలనాదక్షత తోడైంది. ఆయనే తరువాతి కాలంలో నగర ఆసుపత్రుల కమిషనర్ అయ్యారు.

ఈ ప్రాంగణంలో జరిగిన పనులలో రిచర్డ్ లెవిసోన్ అనే శస్త్రవైద్యుని కృషిని కొంత దగ్గరగా చూడవలసి ఉంటుంది. అంతవరకు రక్తమార్పిడి అంటే దాతనూ రోగినీ పక్కపక్కన పడుకోబెట్టి, ఒకరి ధమనిని మరొకరి సిరతో కలపడమో, గడ్డకట్టేలోపు గబగబా సిరంజీలతో రక్తాన్ని అందించడమో జరిగేది. సోడియం సిట్రేట్ అనే లవణం రక్తాన్ని గడ్డకట్టనివ్వదని తెలిసినా, ఎక్కువైతే అదే విషమవుతుందన్న భయం ఉండేది. 0.2 శాతం మోతాదు చాలునని, అది ప్రమాదకరం కాదని 1915లో లెవిసోన్ చూపిన తరువాత, రక్తాన్ని గాజుపాత్రలోకి తీసి రోగి మంచం దగ్గరికి పట్టుకెళ్లడం సాధ్యమైంది.

తెలుగువారు ఆయనను తలచుకోవడానికి మరో కారణం ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ఔషధ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహిస్తూ ఫోలిక్ ఆమ్లాన్ని, దాని సంబంధిత రసాయనాలను రూపొందిస్తున్న కాలంలో, వాటికి కణితుల మీద ఉండే ప్రభావాన్ని ఎలుకలపై పరీక్షించినది మౌంట్ సైనైలోని లెవిసోన్ బృందమే. ఆ రసాయన కుటుంబానికి చెందిన టెరోప్టెరిన్ అనే మందును 1947లో క్యాన్సర్‌తో బాధపడుతున్న బేస్‌బాల్ క్రీడాకారుడు బేబ్ రూత్‌కు లెవిసోన్ పర్యవేక్షణలోనే ఇచ్చారు. తాత్కాలికంగా ఉపశమనం కలిగినా వ్యాధి తిరగబెట్టింది. మందు తయారుచేయించిన సుబ్బారావు, దానిని తీసుకున్న రూత్ ఇద్దరూ 1948 ఆగస్టులోనే కన్నుమూశారు. బోస్టన్‌లో ఈ కోవ మందులతో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ చేసిన కృషిని గుర్తుపెట్టుకున్న తెలుగు రచనలు న్యూయార్క్‌లో జరిగిన ఈ తొలి అంకాన్ని అంతగా పట్టించుకోకపోవడం లోపమే.

మిగతా చరిత్ర చాలామందికి తెలిసినదే. 1932లో బరిల్ క్రోన్, ఇద్దరు సహచరులు వర్ణించిన పేగు వ్యాధి నేటికీ క్రోన్ పేరుతోనే వ్యవహారంలో ఉంది. 1968లో తొలి విద్యార్థులతో సొంత వైద్య కళాశాల ప్రారంభమైంది. 2013లో ఇతర ఆసుపత్రుల కూటమితో విలీనం జరిగింది.

క్వీన్స్‌లోని ఎల్మ్‌హర్స్ట్ ప్రభుత్వ ఆసుపత్రికి మౌంట్ సైనైతో 1960ల నుంచి అనుబంధం ఉంది. 1965 నాటి అమెరికా వలస చట్టం తరువాత గుంటూరు, కాకినాడ, విశాఖపట్నం, హైదరాబాద్ కళాశాలల నుంచి వచ్చి ఇలాంటి న్యూయార్క్ ఆసుపత్రుల్లో రెసిడెన్సీ (వైద్యశిక్షణ) చేసిన తెలుగువారి వివరాలు ఇంకా ఒకచోట చేరలేదు. మౌంట్ సైనైలో గాని, ఎల్మ్‌హర్స్ట్‌లో గాని పనిచేసిన తెలుగు వైద్యులు, నర్సులు, వారి కుటుంబసభ్యులు తమ వద్దనున్న ఫొటోలు, నియామక పత్రాల నకళ్లను మా పత్రిక వచ్చే సంచికలోగా మా సంఘానికి అందజేయవలసిందిగా మనవి.