పక్కకు చూసే బురుజు

కర్నూలులో ఆటో ఎక్కి "బురుజు కాడికి పోవాల" అంటే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. కొండారెడ్డి బురుజు ఊరందరికీ తెలుసు. 2003లో ‘ఒక్కడు’ సినిమా వచ్చాక కర్నూలు మొహం చూడనివాళ్లకూ తెలిసింది. అయితే అది ఒంటరిగా నిలవడానికి కట్టింది కాదు. 16వ శతాబ్దంలో విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో అదొక భాగం. కోట గోడలు చాలావరకు పోయాయి, బురుజు మిగిలింది. అందుకే చూసినవాళ్లు దాన్ని దూరం చూడటానికి కట్టిన కావలి గోపురం అనుకుంటారు. దూరం చూడటం బురుజుకు రెండో పని. మొదటి పని పక్కకు చూడటం.

తిన్నని గోడ మీద నిలబడ్డ సిపాయికి ఎదుటి మైదానమంతా కనబడుతుంది, తన కాళ్ల కిందున్న గోడ మొదలు మాత్రం కనబడదు. శత్రువు ఎలాగో తెగించి ఆ మొదట్లోకి చేరాడంటే నిచ్చెన వేయవచ్చు, గునపాలతో పునాది తవ్వవచ్చు. పైవాడు వంగి చూడబోతే కింద కాచుకున్నవాళ్లకు దొరికిపోతాడు. ఈ చిక్కు తీర్చడానికే గోడ వెంబడి అక్కడక్కడా కొంత భాగాన్ని ముందుకు పొడుచుకొచ్చేలా కట్టారు. ఆ ముందుకొచ్చిన చోట నిలబడితే గోడ మొదలు పొడవునా కనబడుతుంది. పక్క బురుజులోని వాడు ఈ బురుజు అడుగును కాస్తాడు, ఈ బురుజులోని వాడు దాని అడుగును కాస్తాడు. అందుకే రెండు బురుజుల మధ్య ఎడం ఎంత ఉండాలో ఆయుధం నిర్ణయించేది. బాణమో తుపాకి గుండో చేరగలిగినంత దూరమే ఉండాలి.

గండికోటలో చతురస్రపు బురుజులు కనిపిస్తాయి. ఫిరంగులు వచ్చాక ఆ మూలలే బలహీనత అయ్యాయి. మూల రాయికి రెండు వైపులా ఆసరా ఉండదు కనుక గుండు దెబ్బకు ముందు అదే ఊడుతుంది. గుండ్రటి గోడకు తగిలిన గుండు చాలాసార్లు పక్కకు జారుతుంది, తగిలిన దెబ్బ కూడా చుట్టుపక్కల రాళ్లకు పంచుకుపోతుంది. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను ఏలే పెమ్మసాని వారి నుంచి ఆ కోటను గెలిచాడు. పెన్నా నది లోతుగా కోసిన లోయ ఒక పక్క సహజ కందకంలా ఉన్నా కోట నిలవలేదు. అదే ఏడాది అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ సంగతులు రాసిపెట్టాడు.

గుండ్రటి బురుజుకూ ఒక లోపముంది. దాని ముక్కుకు సరిగ్గా ఎదురుగా, పక్క బురుజుల గుండ్లు చేరని చిన్న చాటు మిగిలిపోతుంది. ఇటలీ ఇంజనీర్లు బురుజును బాణపు మొన ఆకారంలో కట్టి ఆ చాటును లేకుండా చేశారు. ఆ పద్ధతి కోటలే నక్షత్రాల్లా కనబడతాయి.

మనకు బురుజు అన్న మాట అరబ్బీ ‘బుర్జ్’ నుంచి వచ్చింది. దుబాయి బుర్జ్ ఖలీఫాలో ఉన్నదీ అదే. అంతకుముందు తెలుగులో కొత్తళం అనేవారు. కడపలో ఉండి తెలుగు గ్రంథాలు సేకరించిన బ్రౌన్ తన నిఘంటువులో రెండు మాటలకూ చోటిచ్చాడు. జనం నోట ఈనాడు నిలిచింది మాత్రం బురుజే.

కోటలకే కాదు, రాయలసీమలో ఎన్నో పల్లెలకూ బురుజులున్నాయి. పాలెగాళ్ల తగాదాల కాలంలో ఊరి మీద దండు పడితే ధాన్యంతో, పిల్లాజెల్లాతో తలదాచుకునే చోటు అది. బయట రాతి కట్టు, లోపల మట్టి. కొన్నింటికి నేల మీద వాకిలే ఉండదు, నిచ్చెనతో ఎక్కి దాన్ని పైకి లాక్కునేవాళ్లు. మట్టిని తక్కువగా చూడకూడదు. రాయి పగిలే దెబ్బకు మట్టి అణిగి గుండును తనలో ఇముడ్చుకుంటుంది. 1801లో పన్నుల మీద తిరగబడిన తెర్నేకల్లు వాసులు తమ మట్టికోటను ఆసరా చేసుకొని కుంపిణీ సైన్యం తొలి దాడిని తిప్పికొట్టారు. తర్వాత పెద్ద బలగంతో వస్తే గానీ ఆ సైన్యం దాన్ని పట్టుకోలేకపోయింది. ఈ పోరాటం సీమ చరిత్రలో పెద్ద ఘట్టమే.

కాపాడే బురుజే బెదిరింపుకూ, చెరసాలకూ పనికొచ్చింది. అలంపురం పాలకుడు కొండారెడ్డిని 17వ శతాబ్దంలో కర్నూలు పాలకుడు గోపాలరాజు కర్నూలు బురుజులోనే బంధించాడని చెబుతారు. పేరు అలా వచ్చింది. 1847 ఫిబ్రవరి 22న కుంపిణీ మీద తిరగబడినందుకు కోయిలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తలను ఆంగ్లేయులు 1877 దాకా అక్కడి కోట మీద జనానికి కనబడేలా వేలాడదీశారు.

కొండారెడ్డి బురుజుకు కేంద్ర పురావస్తు శాఖ రక్షణ ఉంది. పల్లె బురుజుల్లో చాలావాటికి ఏ రక్షణా లేదు. రాళ్ల సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలు వేళ్లూని కట్టును చీలుస్తాయి, వాన నీరు లోపలి మట్టిని కరిగిస్తుంది. సిమెంటు పూయడం ఇంకా చేటు. తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి మట్టి లోపలే ఉబ్బుతుంది. మీ ఊళ్లో బురుజు ఉంటే వానలకు ముందే ఆ మొక్కలు చిన్నవిగా ఉండగా కోయించండి. ఎత్తు, చుట్టుకొలత కొలిచి, ఫొటో తీసి, దాని గురించి పెద్దలు చెప్పేది రాయించి, ఒక ప్రతి పంచాయతీలో, ఒకటి బడిలో ఉంచండి.